స్కైరిమ్, విచర్ 3, ఎల్డెన్ రింగ్, జెన్షిన్: ఏది ఎంతకాలం ఆడబుద్ధేస్తుంది?

ఏటా డిసెంబర్ ఆఖర్లో, కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో వింటర్ సేల్ పడుతుంది. అమలాపురం, భీమవరం, సూరంపాలెం హాస్టళ్ళ నుంచి సంక్రాంతికి ఇంటికొచ్చే మా పిల్లలు సరిగ్గా అప్పుడే ఫోన్ చేస్తారు. "అన్నా, ఒక్కటే కొనగలను. స్కైరిమా, విచర్ 3నా, ఎల్డెన్ రింగా? ఏది ఎక్కువ కాలం ఆడబుద్ధేస్తుంది?"

ఏది గొప్పది అని వాళ్ళు అడగట్లేదు, ఏది నిలుస్తుంది అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్న అదే.

ఏ గేమ్ ఎన్ని గంటలు వస్తుందో లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. విచర్ 3లో ప్రధాన కథ మాత్రమే ఆడితే సుమారు 50 గంటలు, పక్క కథలు కలిపితే వంద దాకా పోతుంది. స్కైరిమ్‌కి అసలు అంతమంటూ లేదు. అయితే ఆ వంద గంటల్లో ఎన్ని గంటలు ఇష్టంగా ఆడాం, ఎన్ని గంటలు "ఎలాగూ మొదలెట్టాం కదా" అని లాక్కొచ్చాం అన్నది ఏ లెక్కలోనూ కనపడదు.

ఇలాంటి ఓపెన్ వరల్డ్ ఫాంటసీ గేమ్, అంటే పెద్ద మాయాలోకంలో ఇష్టమొచ్చినచోటికి తిరగగలిగే ఆట, ఏదైనా మొదటి ఇరవై గంటలు బాగానే ఉంటుంది. కొత్త ఒక వింత. ఆ తర్వాత ఒక్కోటి ఒక్కో చోట అరుగుతుంది. ఒకదాంట్లో కథ ముందు అరిగిపోతుంది, ఇంకోదాంట్లో కత్తియుద్ధం, మరోదాంట్లో తిరుగుడు. మీకు బాగా ఇష్టమైనది ఏదో చూసుకుని, అది ఆఖర్న అరిగే గేమ్ కొనుక్కోండి. నా సలహా ఇంతే. ఏది ఎక్కడ అరుగుతుందో తెలియాలి కాబట్టి మిగతాదంతా రాస్తున్నాను.

ముందు మ్యాప్ సంగతి

"దీని మ్యాప్ దానికంటే రెండింతలు" అనే ప్రచారం చూసి డబ్బులు పెట్టకండి. స్కైరిమ్ చేసిన బెథెస్డా కంపెనీయే 1996లో తెచ్చిన డాగర్‌ఫాల్ అనే గేమ్ మ్యాప్ దాదాపు బ్రిటన్ అంత ఉంటుందని చెప్పుకున్నారు. ఊళ్ళు, నేలమాళిగలు అన్నీ కలిపి సుమారు 15,000. వాటిలో ఎక్కువ భాగం కంప్యూటర్ లెక్కలతో పేర్చినవే, అందుకే పది ఊళ్ళు చూశాక పదకొండోది ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది. అదే కంపెనీ 2002లో మారోవిండ్ చేసేటప్పుడు ఒక్క ద్వీపానికి కుదించుకుని, గుట్టలూ గుహలూ మనుషుల చేత పేర్పించింది. నన్నడిగితే రెండింటిలో నిలిచింది చిన్నదే. డాగర్‌ఫాల్ ఇప్పుడు స్టీమ్‌లో ఉచితం, అనుమానం ఉన్నవాళ్ళు దించుకుని చూడొచ్చు.

2014లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్‌లో హింటర్‌ల్యాండ్స్ అని మొదటి ప్రాంతం ఒకటుంది. అక్కడున్న చిన్నాచితకా పనులన్నీ పూర్తి చేశాకే కదులుదామని కూర్చున్నవాళ్ళకి కథ మొదలవకుండానే మొహం మొత్తింది. చివరికి ఆ గేమ్ తయారు చేసినవాళ్ళే "అక్కడి నుంచి ముందుకి వెళ్ళండి" అని ఆటగాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే ప్రతి గేమ్‌కీ పనికొస్తుంది.

స్కైరిమ్: కథ ముందు అరుగుతుంది, తిరుగుడు ఆఖర్న

2011 నవంబర్ 11న వచ్చింది. 2016లో స్పెషల్ ఎడిషన్, సరిగ్గా పదేళ్ళకి 2021 నవంబర్ 11న యానివర్సరీ ఎడిషన్ వచ్చాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా దీన్ని జనం ఇంకా ఆడుతున్నారంటే కారణం కథ మాత్రం కాదు.

కథ మామూలుగానే ఉంటుంది. కంపానియన్స్ అనే యోధుల గుంపులో చేరి నాలుగు పనులు చేసిపెడితే వాళ్ళకి మీరే నాయకుడు. వింటర్‌హోల్డ్ మంత్రాల కాలేజీకి వెళ్తే, నాలుగు మంత్రాలు కూడా సరిగ్గా రాకుండానే ప్రధానాచార్యుడైపోవచ్చు. ఇంత ఎదిగాక ఊళ్ళోకి వస్తే గేటు దగ్గర కాపలావాడు తన మోకాలికి బాణం తగిలిందన్న అదే పాత కథ మళ్ళీ మొదలెడతాడు. మీరు చేసినదానికి లోకంలో మార్పు తక్కువ. పాత సమాధుల్లో తలుపులు తెరవడానికి రాతి చక్రాల పజిల్ ఉంటుంది, దాని జవాబు చేతిలో ఉన్న డ్రాగన్ గోరు మీదే చెక్కి ఉంటుంది. బ్లీక్ ఫాల్స్ బారోలో మొదటిసారి అది కనిపెట్టినప్పుడు భలే ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని సమాధుల్లోకి వెళ్ళినా అదే తలుపు, అవే చక్రాలు. కత్తి తగిలిన బరువు చేతికి తెలియదు. దొంగల సంఘంవాళ్ళు, హంతకుల సంఘంవాళ్ళు తమ కథ అయిపోయాక కూడా పనులు ఇస్తూనే ఉంటారు. అవి కంప్యూటర్ అప్పటికప్పుడు పేరు, ఊరు మార్చి ఇచ్చే పనులు. అవి చేస్తూ పోతే ఎవరికైనా విసుగొస్తుంది.

అయినా స్కైరిమ్ నిలుస్తుంది. ఎందుకో ఒక్క ఉదాహరణ చెప్తాను. రాత్రిపూట వైట్‌రన్ అనే ఊరి చుట్టుపక్కల రోడ్డు మీద నడుస్తుంటే ఎప్పుడో ఒకసారి గుర్రం డెక్కల చప్పుడు వినపడుతుంది. తిరిగి చూస్తే తెల్లగా, పొగలాగా ఒక రౌతు, తల ఉండదు. మీ జోలికి రాడు, పలకరించడు, తన దారిన పోతుంటాడు. క్వెస్ట్ (ఆట మనకి అప్పగించే పని) ఏమీ ఉండదు, మ్యాప్ మీద గుర్తు కూడా ఉండదు. ఓపికగా వెంటపడితే హామ్‌విర్స్ రెస్ట్ అనే పాత శ్మశానం దాకా తీసుకెళ్తాడు. చూడమని ఎవరూ చెప్పలేదు, చూడకపోయినా పోయేదేమీ లేదు. అందుకే అది మనం కనిపెట్టినట్టు ఉంటుంది.

నక్కల సంగతి ఇంకా బాగుంటుంది. స్కైరిమ్‌లో నక్క వెంటపడితే అది ఏదో ఒక శిబిరానికో శిథిలానికో తీసుకెళ్తుందని ఆటగాళ్ళు చాలా ఏళ్ళు నమ్మారు. కావాలని ఎవరూ అలా తయారు చేయలేదు. జంతువులు నడవడానికి నేలని కనపడని త్రిభుజాలుగా విడగొట్టి పెడతారు. ఖాళీ మైదానంలో త్రిభుజాలు పెద్దవి, తక్కువ. శిబిరాలూ ఇళ్ళూ ఉన్నచోట చిన్నవి, ఎక్కువ. భయపడ్డ నక్క మీ నుంచి ఇన్ని త్రిభుజాల దూరం పోవాలని చూస్తుంది, కాబట్టి త్రిభుజాలు ఎక్కువగా ఉన్నవైపు పరిగెడుతుంది. అక్కడ మీకు ఏదో ఒకటి దొరుకుతుంది. 2021లో ఆ గేమ్ మీద పనిచేసినవాళ్ళే ఈ గుట్టు బయటపెట్టారు. తయారీదార్లు కూడా అనుకోనివి ఆటలో జరుగుతుంటాయంటే అది అంత తొందరగా అరగదు.

దీన్ని ఎక్కువ కాలం నిలుపుకోవాలంటే రెండు జాగ్రత్తలు. మొత్తం 18 నైపుణ్యాలున్నాయి, అన్నీ ఒక్క మనిషికే నేర్పవచ్చు. అక్కడే ప్రమాదం. ఏ పాత్రతో మొదలెట్టినా చివరికి అందరూ చీకట్లో నక్కి బాణాలేసేవాళ్ళే అవుతారు, ఎందుకంటే అది తేలిక. మొదట్లోనే ఒక గిరి గీసుకోండి. ఈ పాత్ర విల్లు ముట్టదు, లేదా ఈ పాత్ర గుర్రబ్బండి ఎక్కకుండా నడిచే వెళ్తుంది, అలా. రెండోది మోడ్స్. 2012 నుంచి ఆటగాళ్ళే కొత్త ఊళ్ళు, కొత్త మనుషులు, కొత్త వాతావరణాలు తయారు చేసి పంచుకుంటున్నారు. మొదటిసారి మాత్రం మోడ్స్ లేకుండా ఆడండి. మోడ్స్ సర్దుకుంటూ సాయంత్రమంతా గడిపి, ఆట మొదలెట్టేసరికి నిద్రొచ్చేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

విచర్ 3: కథ నిండుగా ఉంటుంది, ఆ నిండుదనం ఒక్కసారే

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015 మే 19న దీన్ని విడుదల చేసింది. విచర్ అంటే రాక్షసుల్ని వేటాడేవాడు, ఆటలో మనమే ఆ మనిషి. దీనికి అదనపు కథలు (డీఎల్‌సీలు) రెండు: హార్ట్స్ ఆఫ్ స్టోన్ అదే ఏడాది అక్టోబర్లో, బ్లడ్ అండ్ వైన్ 2016 మే 31న వచ్చాయి. 2022 డిసెంబర్లో గ్రాఫిక్స్ మెరుగుపరిచి పాత కొనుగోలుదార్లకి ఉచితంగానే ఇచ్చారు.

వెలెన్ అనే ప్రాంతంలో బ్లడీ బారన్ అని ఒక పెద్దమనిషి ఉంటాడు. పెళ్ళాం, కూతురు కనపడట్లేదు, వెతికిపెట్టమంటాడు. మొదట జాలేస్తుంది. ఇల్లు వెతికేకొద్దీ అతను తాగొచ్చి ఆమెని కొట్టేవాడని, ఆ గొడవల మధ్య కడుపులో బిడ్డ పోయిందని తెలుస్తుంది. పేరు పెట్టకుండా, పద్ధతిగా సాగనంపకుండా పాతిపెట్టిన ఆ బిడ్డ దయ్యమై తిరుగుతుంటుంది. దాన్ని కత్తితో చంపేయొచ్చు. ఆ దారి వద్దనుకుంటే, గాలివానలో, చీకట్లో, బారనే ఆ బిడ్డని చేతుల్లోకి తీసుకుని ఇంటి గడప దాకా నడవాలి. దార్లో ప్రేతాలు మీదపడుతుంటాయి, బిడ్డ చేతుల్లో గింజుకుంటుంది, మనం మంత్రమేసి దాన్ని శాంతపరుస్తూ పక్కన నడవాలి. గడప కింద పాతిపెట్టి ఆయన దానికి పేరు పెడతాడు. అప్పటిదాకా ఆయన్ని అసహ్యించుకున్నవాళ్ళకి కూడా ఏమనాలో తోచదు. నాకు తెలిసినంతలో ఓపెన్ వరల్డ్ గేముల్లో ఇంత బరువైన ఘట్టం ఇంకోటి లేదు. వెలెన్ నేలంతా బురద, గడ్డి, నిలవనీళ్ళు, విడవని వాన. గోదావరి లంకల్లో పుట్టిపెరిగినవాళ్ళకి ఆ నేల కొత్తగా అనిపించదు.

ఇలాంటి పక్క కథలు చాలా ఉన్నాయి. చిన్న పని అని ఒప్పుకుంటే అందులోంచి ఒక కుటుంబం గొడవో ఊరి పాపమో బయటపడుతుంది. కథలో మీరు చేసిన ఎంపిక ఫలితం ఎప్పుడో ఇరవై గంటల తర్వాత ఎదురొస్తుంది.

మరి ఎక్కడ అరుగుతుంది? కత్తియుద్ధంలో అరుగుతుంది. క్వెన్ అనే రక్షణ మంత్రం వేసుకోవడం, రెండు దెబ్బలు కొట్టడం, పక్కకి దూకడం. మామూలు కష్టం పెట్టుకుంటే ఆఖరి దాకా ఇదే సరిపోతుంది. విచర్ చూపుతో ఎర్రగా వెలిగే అడుగుజాడల వెంట నడవడం కూడా పదోసారికి పాతబడుతుంది. ఇక స్కెలిగే దీవుల చుట్టూ సముద్రంలో పదుల కొద్దీ ప్రశ్నార్థకాలుంటాయి. ఒక్కోదాని దగ్గరికి పడవలో పోతే నీళ్ళలో తేలే పీపాలు, వాటిలో అమ్ముకోవడానికి తప్ప పనికిరాని సామాను. వాటి జోలికి పోకండి. సెట్టింగ్స్‌లో మ్యాప్ మీద ప్రశ్నార్థకాలు ఆపేసే వీలుంది, మొదటి రోజే ఆపేయండి.

కథ తెలిసిపోయాక రెండోసారి ఆడితే బాగుంటుందా అంటే బాగుంటుంది, కొన్నేళ్ళు పోయాక. వెంటనే ఆడితే బారన్ మాట మొదలెట్టగానే ముగింపు గుర్తొచ్చేస్తుంది. మన పెరళ్ళ భాషలో చెప్పాలంటే స్కైరిమ్ కొబ్బరిచెట్టు, ఏడాది పొడుగునా ఎప్పుడెక్కినా నాలుగు కాయలు దించుకోవచ్చు. విచర్ 3 మామిడి, కాపు కాసినప్పుడు దాని ముందు ఏదీ నిలవదు, అయిపోయాక మళ్ళీ సీజన్ దాకా ఆగాలి. అందుకే రెండు డీఎల్‌సీలూ ఒకేసారి ఆడేయొద్దని చెప్తాను. ప్రధాన కథ అయ్యాక కొంచెం గ్యాప్ ఇచ్చి హార్ట్స్ ఆఫ్ స్టోన్, మళ్ళీ ఆగి బ్లడ్ అండ్ వైన్. టుస్సాంట్ ద్రాక్షతోటల్లో అడుగుపెట్టేసరికి ఆకలి మళ్ళీ పుట్టి ఉండాలి.

ఎల్డెన్ రింగ్: భయం ఉన్నంతకాలం ఆట ఉంటుంది

2022 ఫిబ్రవరి 25న వచ్చింది. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ, దర్శకుడు హిడెటాకా మియజాకి. ఆ లోకపు పూర్వగాథని రాసింది జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. 2024 జూన్ 21న షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అని పెద్ద డీఎల్‌సీ వచ్చింది.

ఆట మొదలై బయటికి రాగానే ఎదురుగా బంగారు కవచం తొడుక్కున్న ఒక గుర్రపు వీరుడు తిరుగుతుంటాడు. దగ్గరికి వెళ్తే ఒకటి రెండు దెబ్బల్లో ప్రాణం పోతుంది. చాలామంది అక్కడే కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు. వాణ్ణి అక్కడ పెట్టింది పాఠం నేర్పడానికే. చేతకానిచోట మొండికేయకు, పక్క దారిన పో, బలం పెంచుకుని తిరిగిరా అని చెప్పడానికి. చనిపోతే పోగేసుకున్న రూన్లన్నీ (బలం పెంచుకోవడానికి ఖర్చుపెట్టే సొమ్ము) పడినచోటే ఉండిపోతాయి, మళ్ళీ అక్కడిదాకా వెళ్ళి తీసుకోవాలి. ఆ దార్లో మళ్ళీ చనిపోతే అవి శాశ్వతంగా పోయినట్టే. అందుకే ఇందులో వంద గంటల తర్వాత కూడా కొత్త మలుపు దగ్గర గుండె దడదడలాడుతుంది. ఏ మలుపు చాటున ఏముందో అన్న భయం ఉన్నంతసేపూ విసుగుకి చోటుండదు.

తిరుగుడులో కూడా ఇది స్కైరిమ్‌కి తీసిపోదు. మొదటి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్ తూర్పున అడవిలో ఒక రాతి కట్టడం, లోపల లిఫ్టు ఉంటాయి. ఎక్కి మీట నొక్కితే దిగుతుంది, దిగుతూనే ఉంటుంది, ఇంకా ఆగదేమిటి అనుకునేలోపు గోడలు పోయి నేల కింద ఒక నది, దాని పైన ఆకాశం నిండా నక్షత్రాలు కనిపిస్తాయి. నేల అడుగున ఆకాశం! ఏ క్వెస్టూ చెప్పకముందే మీ అంతట మీరే అక్కడికి చేరొచ్చు. అలాగే చెరువు పక్కన కాలిపోయిన శిథిలాల్లో ఒక పెట్టె ఉంటుంది. తెరవగానే పొగ కమ్మేసి, మిమ్మల్ని ఎక్కడో ఎర్రగా కుళ్ళిన కేలిడ్ అనే ప్రాంతంలోని గనిలో పడేస్తుంది. అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడటమే ఒక సాయంత్రం పని.

అరిగేచోట్లు దీనికీ ఉన్నాయి. చిన్నచిన్న సమాధి గుహలు ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి. ముందు ప్రాంతాల్లో చూసిన బాస్‌లే (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువులు) తర్వాతి ప్రాంతాల్లో పేరు మార్చుకునో జంటగానో మళ్ళీ వస్తారు. చివర్లో వచ్చే మంచు కొండలు లిమ్‌గ్రేవ్ అంత నిండుగా ఉండవు. అక్కడ మాత్రం కనపడిన ప్రతి గుహలో దూరకుండా ముందుకి సాగిపోవడం మేలు. రెండోసారి ఆడటానికి ఈ మూడింటిలో ఇదే ఉత్తమం. మొదటిసారి పెద్ద కత్తితో ఆడి, రెండోసారి మంత్రాలతో ఆడితే అదే బాస్ కొత్త బాస్ అయిపోతాడు.

ఒక ముఖ్యమైన సంగతి ఇంట్లో ఆడేవాళ్ళకి. ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ ఉండదు. మెనూ తెరిచినా శత్రువు కొడుతూనే ఉంటాడు. అమ్మ అన్నానికి పిలిచే వేళకి బాస్ గది ముందు నిలబడొద్దు. మధ్యలో లేవలేరు, లేవకపోతే మాట పడాలి.

జెన్షిన్ ఇంపాక్ట్: ఇది అరగదు, మనల్ని అరగదీస్తుంది

కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది అనేవాళ్ళకి నేను చెప్పాల్సింది ఇదే. 2020 సెప్టెంబర్ 28న మిహోయో తెచ్చింది. ఉచితం. మాండ్‌స్టాట్, లియుఎ ప్రాంతాలు చూడముచ్చటగా ఉంటాయి, సంగీతం ఇంకా బాగుంటుంది. మొదటి నెల ఒక్క రూపాయి ఖర్చులేకుండా అచ్చంగా మంచి ఓపెన్ వరల్డ్ గేమ్ ఆడినట్టే ఉంటుంది. ఆ నెల తప్పకుండా ఆడండి.

ఆ తర్వాత లెక్క మారుతుంది. పాత్రల్ని బలపరచడానికి కావలసినవి తీసుకోవాలంటే రెసిన్ అనే ఆటలోని ఇంధనం ఖర్చుపెట్టాలి, అది ఎనిమిది నిమిషాలకి ఒకటి చొప్పున నిండుతుంది. రోజుకి నాలుగు చిన్న పనులు. ఆరు వారాలకి ఒక కొత్త వెర్షన్, అందులో కొత్త పాత్రలు, వాటిని లాటరీలాగా లాగాలి. పరిమిత కాలపు పాత్రల వరసలో 90 లాగుళ్ళలోపు ఒక ఐదు నక్షత్రాల పాత్ర వస్తుందని హామీ, కానీ అది మీరు కోరుకున్నదే అవుతుందని హామీ లేదు.

మా బావ భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాడు. రాత్రుళ్ళు కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోకుండా జనరేటర్ వేయాలి కాబట్టి గట్టు మీదే పడక. ఫోన్లో జెన్షిన్ ఆడుతుంటాడు.

"బావా, అంత ఇష్టంగా ఆడతావు, ఇప్పటికీ బాగుంటుందా?" అని అడిగాను.

"బాగుండటం సంగతి తర్వాతరా. మానేస్తే ఆ రోజుది పోతుంది కదా" అన్నాడు.

ఆ మాటలోనే ఈ గేమ్ గురించి తెలుసుకోవాల్సినది ఉంది. ఆడటానికి కారణం "బాగుంది" నుంచి "పోతుంది"కి మారిన రోజు ఆపేయాలి. ఏమీ పోదు. ఆరు నెలల తర్వాత తిరిగొస్తే మీరు చూడని కొత్త ప్రాంతం ఒకటి తయారై ఉంటుంది, దాన్ని తాపీగా చూడొచ్చు. నిజానికి జెన్షిన్ అలా ఆడితేనే ఆనందం. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఫోన్లో యూపీఐ, కార్డులు వాళ్ళ చేతికి అందకుండా చూసుకోండి.

మిగతావి క్లుప్తంగా

బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, దాని తర్వాత 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్. తిరుగుడు విషయంలో నేను చూసినవాటిలో ఇవే అన్నిటికంటే ముందు. కొండ కనపడితే ఎక్కొచ్చు, గడ్డికి నిప్పు పెడితే వేడిగాలి లేస్తుంది, ఆ గాలిలో రెక్క పట్టుకుని ఎగరొచ్చు. మొదటిదాంట్లో 900 కోరోక్ గింజలు దాచిపెట్టారు. అన్నీ ఏరుకొస్తే చివర్లో దొరికే బహుమతి దేనికీ పనికిరాదు, అంటే అన్నీ ఏరొద్దనే. చిక్కల్లా ఇవి నింటెండో గేమింగ్ మెషీన్ మీదే ఆడాలి, దాన్ని నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. బయటి నుంచి తెప్పించినవి కొనాలి, పాడైతే బాగుచేయించుకోవడం కష్టం. అమెరికాలో అన్నయ్యో మేనమామో ఉండి తెచ్చిపెడితే సరే.

స్కైరిమ్‌కి ముందు అదే కంపెనీ చేసిన ఆబ్లివియన్‌కి కొత్త రూపమైన ఆబ్లివియన్ రీమాస్టర్డ్ 2025 ఏప్రిల్ 22న వచ్చింది, చూడ్డానికి బాగుంది. డిస్క్‌లో 125 జీబీ కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి. స్కైరిమ్ ఆడి, ఇంకా అలాంటిదే కావాలనుకునేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఆగొచ్చు.

మన వైపు చూసుకోవాల్సినవి

డౌన్‌లోడ్. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ 12 జీబీ, విచర్ 3 సుమారు 50, ఎల్డెన్ రింగ్ 60. రోజుకి 2 జీబీ మొబైల్ డేటా మీద ఎల్డెన్ రింగ్ దిగాలంటే నెల పడుతుంది. ఇంట్లో ఫైబర్ లేకపోతే హాస్టల్ వైఫైలోనే దించుకుని రండి. ఒకే నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్లో ఆ గేమ్ ఉంటే స్టీమ్ దాన్ని ఇంటర్నెట్ లేకుండా కాపీ చేసుకోగలదు. కొనుక్కున్న లైసెన్స్ మాత్రం ఎవరిది వాళ్ళకుండాలి.

కంప్యూటర్. ఎల్డెన్ రింగ్‌కి కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి కార్డ్ అడుగుతారు. కాలేజీలో చేరేటప్పుడు కొన్న 8 జీబీ లాప్‌టాప్‌తో కష్టం. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకపోయినా ఈ మధ్య లాప్‌టాప్‌లలో సెట్టింగ్స్ బాగా తగ్గించుకుంటే స్కైరిమ్ నడుస్తుంది. మే నెలలో మన ఉక్కపోతకి లాప్‌టాప్ మరీ వేడెక్కుతుంది. మంచం మీద, పరుపు మీద పెట్టి ఆడొద్దు. తీరం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలి, తేమ ఫ్యాన్‌నీ లోపలి భాగాల్నీ త్వరగా పాడు చేస్తాయి, ఏడాదికోసారైనా విప్పించి శుభ్రం చేయించండి.

కరెంటు. తుఫాను కాలంలో ఎప్పుడు పోతుందో తెలియదు. స్కైరిమ్, విచర్ 3 రెండింటిలోనూ ఎఫ్5 నొక్కితే ఆ క్షణానికి సేవ్ అవుతుంది, విచర్‌లో పోరాటం మధ్యలో మాత్రం కుదరదు. ఊరికే ఉన్నప్పుడల్లా ఎఫ్5 నొక్కడం అలవాటు చేసుకోండి. ఎల్డెన్ రింగ్ తనంతట తనే ఎప్పటికప్పుడు సేవ్ చేసుకుంటుంది. డెస్క్‌టాప్ అయితే చిన్న యూపీఎస్ అయినా ఉండాలి.

భాష. వీటిలో దేనికీ తెలుగు లేదు. విచర్ 3 సగం రుచి మాటల్లోనే ఉంది కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, తొందర పడకుండా చదువుకుంటూ ఆడాలి. ఎల్డెన్ రింగ్‌లో మాటలు తక్కువ, కథంతా వస్తువుల వర్ణనల్లో దాచారు. అర్థం కాకపోయినా ఆట ఆగదు. ఇంగ్లిష్ కొంచెం ఇబ్బంది అనుకునే తమ్ముళ్ళకి నేను స్కైరిమో ఎల్డెన్ రింగో చెప్తాను.

ఎవరికి ఏది

సంక్రాంతి సెలవుల్లో రెండు వారాలు ఖాళీ దొరికి, ఆ తర్వాత మళ్ళీ పరీక్షల్లో పడిపోయేవాళ్ళు విచర్ 3 తీసుకోండి. కథ తెగకుండా వరసగా ఆడితేనే దాని పట్టు తెలుస్తుంది. వారానికో గంట ఆడి, రెండు వారాలు వదిలేసి వస్తే ఎవరు ఎవరో మర్చిపోతారు. భోగి నుంచి కనుమ దాకా ఇంటినిండా చుట్టాలుంటారు, ప్రభల తీర్థానికి వెళ్ళాలి, అప్పుడు ఎలాగూ ఆడలేరు. ముక్కనుమ దాటాక కూర్చోండి.

ఉద్యోగం, షాపు, పొలం పని అయ్యాక రాత్రి పదికి ముప్పావుగంట దొరికేవాళ్ళకి స్కైరిమ్. ఎక్కడ ఆపినా ఫరవాలేదు, ఎక్కడ మొదలెట్టినా ఫరవాలేదు. ఒక గుహ చూసి పడుకోవచ్చు. ఏళ్ళ తరబడి నిలిచేది కావాలంటే, పాత లాప్‌టాప్ ఉంటే, నా ఓటు దీనికే. సేల్‌లో ధర కూడా బాగా తగ్గుతుంది.

ఓడిపోతే పట్టుదల పెరిగే స్వభావం ఉన్నవాళ్ళకి, మంచి కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఎల్డెన్ రింగ్. కంట్రోలర్ కూడా కొనుక్కోవాలి, ఆ ఖర్చు ముందే కలుపుకోండి. కోపం వస్తే కీబోర్డ్ మీద చూపించేవాళ్ళు, పగలంతా పని టెన్షన్ పడి రాత్రి కాస్త సేద తీరాలనుకునేవాళ్ళు మాత్రం దీని జోలికి రావద్దు. దీని ధర సేల్‌లో కూడా మిగతా రెండింటి అంత తగ్గదు.

ఇద్దరు అన్నదమ్ములు కలిసి డబ్బులేసుకుని ఒక్కటే కొనాలనుకుంటే స్కైరిమ్ మేలు, ఎందుకంటే ఒకడు ఆడింది చూసినా రెండోవాడి ఆట పాడవదు. విచర్ 3 అయితే పెద్దోడు ఆడుతుంటే వెనక కూర్చుని చూసిన చిన్నోడికి కథ మిగలదు.

కొన్నాక ఒక మాట. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు తిరిగిస్తారు. గేమ్ నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి రెండు గంటలు చాలవు, విచర్ 3లో మొదటి ఊరు వైట్ ఆర్చర్డ్ కూడా దాటరు. మీ లాప్‌టాప్ దాన్ని మోయగలదో లేదో తేలడానికి ఆ సమయం చాలు. ముందు సెట్టింగ్స్ అన్నీ సరిచూసుకోండి, విచర్ 3 అయితే వైట్ ఆర్చర్డ్‌లో జనం తిరిగే ఊళ్ళోకి, స్కైరిమ్ అయితే ఎలాగోలా వైట్‌రన్ దాకా వెళ్ళి, ఒక అరగంట అక్కడే తిరగండి. ఆట తడబడినా, లాప్‌టాప్ చెయ్యి పెట్టలేనంత కాలినా ఆ రోజే డబ్బు వెనక్కి అడిగేసి, ఇంకొంచెం తేలికైనది తీసుకోండి.